సహస్రాధిపతి వ్రాసిన ఉత్తరము

(ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 21:27 మొదలు 23వ అధ్యాయము చివరివరకు)



మన సంఘములలోని యౌవనస్థులనేకులు నేడు కచేరీలలోను, ఆసుపత్రులలోను, బ్యాంకులలోను, కంప్యూటరు కంపెనీలలోను పని చేయుచున్నారు. ఉద్యోగములో ఎట్లు మాటలాడవలెను, ఉత్తరమెట్లు వ్రాయవలెను, పైయధికారి యెదుట ఎట్లు కూర్చుండవలెను అను సంగతులు నేర్పు తరగతులు ఇప్పుడు పట్టణములలో విరివిగా నున్నవి. హైదరాబాదులో అమీర్‌పేటకు వెళ్లినవారు అట్టి బోర్డులను వరుసగా చూచియుందురు. అక్కడ నేర్పునది వ్యర్థమని నేననను. ఇంగ్లీషు ధారాళముగా రానందున తెలివిగల బిడ్డలు వెనుకబడుట మనమెరుగుదుము. చక్కగా నిలిచి, ఎదుటివాని ముఖము చూచి, తడబడక మాటలాడ నేర్చుకొనుట మంచిదే. అయితే ఆ చదువులో తరచుగా విడిచిపెట్టబడు ప్రశ్న యొకటి యున్నది.

ఆ ప్రశ్న యిది. నాకు తెలిసిన సంగతి, దానినిబట్టి పని చేయవలసినవానికి తెలిసినదా? నా మాట విని, నా కాగితము చదివి, అతడొక అడుగు వేయును. ఆ అడుగు గుంటలో పడునో గట్టినేలమీద పడునో నా మాటనుబట్టి యుండును. అట్లయినయెడల స్పష్టముగా మాటలాడుట ఒక నేర్పు మాత్రమేనా, లేక మనస్సాక్షికి సంబంధించిన విషయమా? మనస్సాక్షికి సంబంధించినదేయని నా తలంపు. వందమంది యెదుట అనర్గళముగా ఉపన్యసించువాడు ఈ విషయములో తప్పిపోవచ్చును; నోట మాట తడబడు గుమాస్తా ఇందులో నిలువవచ్చును.

దీనిని ఆలోచించుటకు పైన చెప్పిన అధ్యాయములలో ఒక పటాలపు కచేరి మనకు చూపబడియున్నది. యెరూషలేము దేవాలయములో అల్లరి లేచినది. క్లౌదియ లూసియ అను సహస్రాధిపతి సైనికులతో పరుగెత్తి వచ్చి, పౌలును పట్టుకొని, రెండు సంకెళ్లతో బంధింప నాజ్ఞాపించెను. ఇతడెవడు, ఏమి చేసెనని అడిగినప్పుడు ఒకరొక విధముగాను మరియొకరు మరియొక విధముగాను కేకలు వేసిరి. నిజము తెలియలేదు. పౌలు జనులతో మాటలాడిన తరువాత అల్లరి ఇంకను హెచ్చగా, కొరడాలతో కొట్టించి సంగతి రాబట్టవలెనని అతడు ఉత్తరువిచ్చెను. వారు పౌలును వారులతో కట్టుచుండగా, విచారణ లేకుండ రోమీయుని కొట్టుట న్యాయమా అని పౌలు దగ్గర నిలిచిన శతాధిపతిని అడిగెను.

ఇక్కడ ఆ శతాధిపతిని చూడుడి. అతని పేరు లూకా వ్రాయలేదు. అతనికి ఉత్తరువు వచ్చియున్నది, పని మొదలైనది. పైవాడు చెప్పెను, నేను చేసితిని అని ఊరకుండుట సుళువు. అట్లు చేసినందుకు అతనిని ఎవరును తప్పుపట్టకపోవచ్చును. అయితే అతడు వెంటనే సహస్రాధిపతియొద్దకు వెళ్లి, నీవు చేయబోవునదేమి, ఈ మనుష్యుడు రోమీయుడు సుమీ అని చెప్పివేసెను. ముందుగా పొగడ్త లేదు, చుట్టుమాట లేదు, మధ్యలో నసుగుడు లేదు. సంగతి రెండు ముక్కలలో ముగిసినది. సహస్రాధిపతియు, నాకు నేర్పుటకు నీవెవడవని అనలేదు. తానే లేచి వచ్చి, పౌలునే సూటిగా అడిగెను. కొరడా దించబడెను.

దీని ప్రక్కన మన కాలపు సంగతి నొకటి ఉంచెదను. 1977 మార్చి 27వ తేదీన కానరీ ద్వీపములలోని టెనెరీఫ్ విమానాశ్రయములో రెండు బోయింగు 747 విమానములు రన్‌వేమీద ఢీకొని 583 మంది మరణించిరి. వేరొక ద్వీపములోని విమానాశ్రయములో బాంబు ప్రేలినందున విమానములనేకము ఆ చిన్న విమానాశ్రయమునకు మళ్లింపబడినవి. పొగమంచు దట్టముగా క్రమ్మినది. కె.ఎల్.ఎమ్. అను డచ్చి కంపెనీ విమానము రన్‌వే యొక కొనను నిలిచియున్నది. పానామ్ అను అమెరికా కంపెనీ విమానము అదే రన్‌వేమీద ఎదురుగా నడచి వచ్చుచున్నది. ఒకదానికొకటి కనబడదు. టవరులోనివానికి రెండును కనబడవు. వారందరికిని మధ్య ఉన్నది మాట యొక్కటే.

డచ్చి విమానపు కెప్టెను ఆ కంపెనీలో పేరుపొందిన శిక్షకుడు. అతడు మొదటిసారి బయలుదేరబోగా, ఇంకను అనుమతి రాలేదని ప్రక్కనున్న రెండవ పైలటు ఆపెను. తరువాత ప్రయాణమార్గమునకు సంబంధించిన అనుమతి వచ్చినది. అది బయలుదేరుటకు అనుమతి కాదు. అయినను కెప్టెను విమానమును కదలించెను. ఈసారి రెండవ పైలటు అతనిని ఆపలేదు. అతడు టవరునకు పంపిన మాట, బయలుదేరు చోట ఉన్నామనియు వినవచ్చును, బయలుదేరుచున్నామనియు వినవచ్చును. టవరులోనివాడు మొదట ఓకే అనెను. ఆ వెంటనే ఆగియుండుమని చెప్పెను గాని, అదే క్షణములో అమెరికా విమానమువారును మాటలాడినందున రెండు స్వరములు కలిసి కీచుమను శబ్దమాయెను. విమానము వేగమందుకొనుచుండగా వెనుక కూర్చున్న ఇంజనీరుకు సందేహము కలిగినది. ఆ అమెరికా విమానము ఇంకను రన్‌వేమీదనుండి తొలగలేదా అని అడిగెను. తొలగినదని కెప్టెను గట్టిగా చెప్పెను. ఇంజనీరు మరల మాటలాడలేదు. డచ్చి విమానములోని 248 మందిలో ఒక్కరును మిగులలేదు. అమెరికా విమానములోని 335 మంది పోయిరి, 61 మంది బ్రదికిరి.

ఇంజనీరు ప్రశ్న సరియైనదే. అయితే అది ప్రశ్నగానే మిగిలిపోయినది. ఆపుడి అని అతడు చెప్పియుండవలసినది. పెద్దవాని యెదుట చిన్నవాని గొంతు అంతకంటె పైకి లేవలేదు. అతనిని నిందించుట నా యుద్దేశము కాదు. ఆ కుర్చీలో కూర్చున్నయెడల మనలో ఎందరము గట్టిగా అరచియుందుము? అప్పటినుండి విమానములవారు కొన్ని మార్పులు చేసిరి. టేకాఫ్ అను మాటను అనుమతి ఇచ్చునప్పుడును, ఇచ్చిన అనుమతిని రద్దుచేయునప్పుడును తప్ప పలుకరాదనిరి. అనుమతిని ఓకే యని ముగింపక, విన్నదానిని తిరిగి పలుకవలెననిరి. చిన్నవాడు పెద్దవానితో భయము లేక చెప్పుటకును, పెద్దవాడు ఆగి వినుటకును శిక్షణ యిచ్చుట 1980 తరువాత విమాన కంపెనీలలో అలవాటైనది. వారు 583 ప్రాణముల తరువాత నేర్చుకొన్నదానిని యెరూషలేము కోటలోని ఆ పేరులేని శతాధిపతి ఎరిగియుండెను.

మన తెలుగు కచేరీలలో ఆ ఓకేకు సాటియైన మాట ఒకటున్నది. అదే సరేనండి. ఈ మాటకు విన్నానని అర్థమా, ఒప్పుకొన్నానని అర్థమా, చేసెదనని అర్థమా, ఇక వెళ్లనిమ్మని అర్థమా? నాలుగింటికిని దానినే వాడుదుము. చూద్దామండి అనునది చాలామట్టుకు కాదనుటయే. దాదాపు అయిపోయినదండి అనగా ఇంకను మొదలు పెట్టలేదని అనుభవశాలియైన మేనేజరు గ్రహించుకొనును. అనుభవము లేనివాడు మోసపోవును. కాదనుట మర్యాద కాదని చిన్నప్పటినుండి మనకు నేర్పబడినది, నిజమే. అయితే మన ప్రభువు కొండమీద బోధించినప్పుడు అవునన్నది అవునుగాను, కాదన్నది కాదుగాను ఉండవలెనని ఆజ్ఞాపించెను (మత్తయి 5:37). అది న్యాయస్థానములో ఒట్టు పెట్టుకొనువారికి మాత్రమే చెప్పబడినదని తలంపకూడదు. సోమవారము సాయంకాలము అయిదు గంటలకు కాగితము ఇచ్చెదనని చెప్పుట, ఇవ్వలేనని తెలిసినవెంటనే శనివారముననే ఆ మాట చెప్పివేయుట, పైవాడు చెప్పిన పనిని బయలుదేరకముందే అతని యెదుట నా మాటలలో ఒకసారి తిరిగి చెప్పి సరిచూచుకొనుట, ఇవన్నియు ఆ ఆజ్ఞలోని భాగములే.

తిరిగి కోటలోనికి వత్తము. నలువదిమందికి పైగా పౌలును చంపువరకు అన్నపానములు ముట్టమని ఒట్టు పెట్టుకొనిరి. పౌలు మేనల్లుడు ఆ సంగతి విని కోటలోనికి వచ్చి పౌలుకు చెప్పెను. పౌలు ఒక శతాధిపతిని పిలిచి, ఈ చిన్నవానిని పైయధికారియొద్దకు తీసికొనిపొమ్మనెను. శతాధిపతి తీసికొనిపోయి, ఖైదీయైన పౌలు పంపెననియు, ఇతడేదో చెప్పవలెనట యనియు మాత్రము పలికెను. తనకు తెలియని దానిని కలుపలేదు, తన యూహ చేర్చలేదు. అప్పుడు సహస్రాధిపతి చేసిన పని చూడుడి. ఆ చిన్నవాని చెయ్యి పట్టుకొని ఏకాంతముగా ప్రక్కకు తీసికొనిపోయి, ఏమి చెప్పవలెనని అడిగెను. పటాలపు అధికారికి ఎవడో ఖైదీ మేనల్లుని చెయ్యి పట్టుకొనవలసిన అవసరమేమి? పదిమందిలో అడిగియుండినయెడల ఆ చిన్నవాని నోరు పెగిలియుండునా? చిన్నవాడును చక్కగా చెప్పెను: ఎవరు, ఎందరు, ఏ నెపముతో, ఎప్పుడు, మీరు దేనికి ఒప్పుకొనకూడదు. రిపోర్టు వ్రాయ నేర్చుకొనువారు 23వ అధ్యాయములోని 20, 21 వచనములను చదివి చూచుట మంచిది. ఆ రాత్రి తొమ్మిది గంటలకు 200 మంది సైనికులు, 70 మంది గుఱ్ఱపు రౌతులు, 200 మంది ఈటెలవారు పౌలును వెంటబెట్టుకొని బయలుదేరిరి.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. కచేరీ పెద్దలకే కాదు, సంఘపెద్దలకును, పాఠశాలల ప్రధానోపాధ్యాయులకును చెప్పుచున్నాను. మీకు సంగతులు ఆలస్యముగా తెలియుచున్నవా? క్రిందివారు దాచుచున్నారని కోపపడుచున్నారా? చివరిసారి చెడువార్త తెచ్చినవానికి మీరేమి చేసిరో జ్ఞాపకము చేసికొనుడి. తెచ్చినవాని మీదనే మీ కోపము పడినయెడల, రెండవ వార్త రాకపోవుటకు కారణము వేరుగా వెదకనక్కరలేదు. అబ్షాలోము చనిపోయిన దినమున అహిమయస్సు అందరికంటె ముందు పరుగెత్తి వచ్చెను గాని, రాజు తన కుమారుని గూర్చి అడిగినప్పుడు ఏదో గందరగోళము చూచితిని, అది ఏమో తెలియదని తప్పించుకొనెను. కుమారుడు చనిపోయెనని యోవాబు అతనితో ముందే చెప్పియుండెను (2 సమూయేలు 18). రాజునకు చెడువార్త తెచ్చుట ఎంత ప్రమాదమో ఆ దేశములో అందరును ఎరుగుదురు.

ఇక ఉత్తరము. సహస్రాధిపతి అధిపతియైన ఫేలిక్సునకు వ్రాసినదాని సారము లూకా మనకిచ్చియున్నాడు. యూదులు ఈ మనుష్యుని పట్టుకొని చంపబోవుచుండగా, ఇతడు రోమీయుడని తాను తెలిసికొని, సైనికులతో వచ్చి విడిపించెనని మొదటి మాట. ఒక్కొక్క ముక్కను వేరుగా తీసి చూచినయెడల ఇందులో అబద్ధము దొరకదు. పట్టుకొన్నది నిజము, చంపబోయినది నిజము, సైనికులతో వచ్చి విడిపించినది నిజము, రోమీయుడని తెలిసికొన్నదియు నిజము. అయితే వరుస నిజము కాదు. విడిపించినప్పుడు అతడెవడో లూసియకు తెలియనే తెలియదు. నాలుగువేలమందితో అరణ్యమునకు వెళ్లిన ఐగుప్తీయుడేమోయని అనుకొనెను. రోమీయుడని తెలిసినది సంకెళ్లు వేసిన తరువాత, కొరడాకు కట్టిన తరువాత. తాను బంధించినందుకు అతడు భయపడెనని లూకా స్పష్టముగా వ్రాసెను. ఆ సంకెళ్లును కొరడాయు ఉత్తరములో లేవు. శిక్ష రావలసిన తప్పు, మెప్పు రావలసిన పనిగా మారిపోయినది.

న్యాయముగా చెప్పవలెనన్న, పౌలు విషయములో ఆ ఉత్తరము మంచి ఉత్తరమే. మరణమునకైనను బంధకములకైనను తగిన నేరమేదియు ఇతనియందు లేదని అతడు దాపరికము లేక వ్రాసెను. కుట్ర సంగతి వ్రాసెను, నేరము మోపువారిని మీయొద్దనే చెప్పుకొనుమంటినని వ్రాసెను. ఇంత నిష్పక్షపాతముగా వ్రాయు అధికారులు నేడును అరుదు. తన సంగతి వచ్చినచోట మాత్రము కలము వంగినది.

ఈ వంకరకు మన కచేరీ తెలుగులో ఒక పదము సిద్ధముగా నున్నది. పొరపాటు దొర్లినది అని వ్రాయుదుము. కొండమీదనుండి రాయి దొర్లినట్లు అది తనంతట తానే వచ్చి ఫైలులో పడినదట! ఆలస్యము జరిగినది, సమాచారము అందలేదు, కాగితము కనబడుటలేదు. ఎవరు పంపవలెను, ఎవరు మరచిరి, ఎవరి బల్లమీదనుండి కనబడకుండ పోయినది? వాక్యములో కర్త ఉండడు. పని బాగుగా జరిగినప్పుడు మాత్రము కర్త వెంటనే ప్రత్యక్షమగును: నేను చేసితిని, నా ఆధ్వర్యమున జరిగినది. వ్యాకరణము తెలిసిన పాపము ఇది.

అయ్యా, ఉన్నది ఉన్నట్లు వ్రాసినయెడల ఉద్యోగము పోవును, ఇంటిలో పిల్లలున్నారు, ఫీజులు కట్టవలెను, అప్పుడేమి చేయవలెనని ఒకరు అడుగవచ్చును. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అందరికిని అన్నియు చెప్పుకొనవలెనని లేఖనము మనలను నిర్బంధింపదు. సామెతల గ్రంథము మౌనమును అనేకమారులు మెచ్చుకొనుచున్నది. నా మట్టుకు నేను ఇట్లు విభజించుకొందును. ఎదుటివాడు చేయబోవు పనికి ఆ సంగతి అవసరమా, కాదా? రాత్రి డ్యూటీలోనున్న నర్సు ఒక రోగికి తప్పు మందు ఇచ్చినదనుకొందము. తెల్లవారి డాక్టరు ఇవ్వబోవు మందు, ఆమె రాత్రి ఇచ్చినదానిపై ఆధారపడియున్నది. అక్కడ మౌనమునకు తావు లేదు. ఉద్యోగము పోయినను చెప్పవలసినదే, అదియు తెల్లవారువరకు ఆగకుండ చెప్పవలెను. లూసియ విషయము అంత తేట కాదు. సంకెళ్ల సంగతి ఫేలిక్సు తీర్పునకు అవసరము లేదని వాదింపవచ్చును. ఆ వాదమును నేను ఒప్పుకొందును. అతడు దానిని చెప్పక విడిచియుండినయెడల నాకు అభ్యంతరము లేదు. సైనికులతో వెళ్లి విడిపించితిని, ఇతడు రోమీయుడని తరువాత తెలిసినది అని వ్రాసియుండినను చాలును. సంకెళ్లు అందులోను ఉండవు, అబద్ధమును ఉండదు. తరువాత అను ఒక్క మాట ఖర్చయ్యెడిది. అతడు ఊరకుండలేదు, తప్పును త్రిప్పి బిరుదుగా కట్టుకొనెను.

నష్టము రాదని మాత్రము నేనెవరికిని మాట ఇయ్యజాలను. ఉన్నదున్నట్లు వ్రాసి ప్రమోషను పోగొట్టుకొన్నవారు మన సంఘములలోనే ఉందురు. వారి పేర్లు ఏ సన్మానపత్రములోను ఉండవు.

మర్యాద విషయము కొంచెము. స్పష్టముగా మాటలాడుట యనగా కఱకుగా మాటలాడుటయని కొందరు అనుకొందురు. 24వ అధ్యాయములో ఇద్దరు ఒకే అధికారి యెదుట మాటలు మొదలుపెట్టుచున్నారు. న్యాయవాదియైన తెర్తుల్లు ఫేలిక్సు వలన కలిగిన నెమ్మదిని, సంస్కరణలను, అందుకై తమకు కలుగు కృతజ్ఞతను వర్ణించి, ఆ మీదట సంగతిలోనికి వచ్చెను. పౌలును మర్యాదగానే మొదలుపెట్టెను. అయితే అనేక సంవత్సరములనుండి నీవు ఈ జనమునకు న్యాయాధిపతివని ఎరిగి ధైర్యముతో సమాధానము చెప్పుకొనుచున్నానని మాత్రమే అనెను. అది గౌరవము, నిజమును. ఫేలిక్సునకు తగులవలసినంత గౌరవము తగిలినది. పౌలు మీదికి ఒక్క పొల్లు మాటయు రాలేదు. దరఖాస్తులు వ్రాయువారు ఈ రెండు ఆరంభములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును.

తోటి ఉద్యోగితో పొరపొచ్చెము వచ్చినప్పుడు వెంటనే ఈ-మెయిలు వ్రాసి, దాని నకలును పైయధికారికిని, ఆపైవానికిని పంపుట యిప్పుడు ప్రబలిన రోగము. మత్తయి 18:15-17లో మన ప్రభువు పెట్టిన వరుస అది కాదు. ముందుగా నీవును అతడును ఒంటరిగా, పిమ్మట ఒకరిద్దరితో, ఆ పిమ్మట సంఘమునకు. మొదటి మెట్టు ఎక్కకుండ మూడవ మెట్టుమీదికి దూకువారు సంగతి చక్కబడవలెనని కోరుచున్నారా, తాము ముందుగా చెప్పితిమను సాక్ష్యము సంపాదించుకొనుచున్నారా?

పౌలు కథ ఆ ఉత్తరముతో ముగియలేదు. ఇంత చక్కని నివేదికయు, పౌలు నిజమైన మాటయు విన్న తరువాత కూడ ఫేలిక్సు అతనిని విడువలేదు. లంచము దొరకునని ఆశపడి, రెండు సంవత్సరములు బంధకములలోనే యుంచెను. తరువాత ఫేస్తు వచ్చెను. ఇతడును నిష్కపటి కాడు. యూదులచేత మంచివాడనిపించుకొనవలెనని పౌలును యెరూషలేమునకు వెళ్లుదువా అని అడిగి, అగ్రిప్ప రాజుతో చెప్పునప్పుడు మాత్రము, విచారించుట ఎట్లో తోచక అడిగితినని చెప్పెను (25:9, 20). పౌలు కైసరునకు చెప్పుకొందుననగానే ఫేస్తునకు ఒక కాగితము వ్రాయవలసి వచ్చినది. ఖైదీతోకూడ నేరములు వ్రాసి పంపవలెను. ఏమి వ్రాయవలెను? ఏదో ఒకటి నింపి పంపుట అతనికి కష్టము కాదు. రోము బహుదూరము, అడుగువాడెవడు? అయినను అతడు రాజును, సహస్రాధిపతులను, పట్టణపు పెద్దలను కూర్చుండబెట్టి, చక్రవర్తికి ఇతని గూర్చి నిశ్చయముగా వ్రాయుటకు తనయొద్ద ఏమియు లేదనియు, విచారణయైన తరువాతనైనను వ్రాయుటకు ఏమైన దొరకవలెనని అతనిని వారి యెదుటికి రప్పించితిననియు, నేరములు తెలుపక ఖైదీని పంపుట యుక్తముగా తోచలేదనియు అందరి యెదుట చెప్పెను. అప్పుడు అగ్రిప్ప పౌలువైపు తిరిగి, మాటలాడుటకు అతనికి సెలవిచ్చెను.